కారు ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ కొట్టించే ముందు కరెంటు చూడండి

మార్చి దాటిందంటే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏసీ ఆన్ చేస్తే గాలి వస్తోంది, చల్లదనం లేదు. గ్యాస్ కొట్టించాలా?" కొందరు అప్పటికే ఒకసారి కొట్టించి, వారానికే మళ్లీ అదే పరిస్థితి అని అడుగుతుంటారు. గ్యాస్ తగ్గడం నిజంగానే ఉంటుంది, కాదనను. కానీ ఏసీ గ్యాస్‌ని పైపుల్లో తోసే కంప్రెసర్‌కి అసలు కరెంటే అందనప్పుడు ఎంత గ్యాస్ నింపినా ఉపయోగం లేదు. కరెంటు అందుతోందో లేదో చూసుకోవడానికి మెకానిక్కే కానక్కర్లేదు. వోల్టేజ్, ఓములు కొలిచే మల్టీమీటర్ ఒకటి, కాస్త ఓపిక ఉంటే ఇంటి ముందే తేలిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా మామూలు పెట్రోల్, డీజిల్ కార్ల గురించి. అంటే 12 వోల్టుల బ్యాటరీ, బెల్టుతో తిరిగే కంప్రెసర్, దానికి ముందు మ్యాగ్నెట్ క్లచ్ (కరెంటు అందితే అయస్కాంతంలా అతుక్కుని కంప్రెసర్‌ని తిప్పేది) ఉన్నవి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో ఏసీ కంప్రెసర్ సాధారణంగా వందల వోల్టుల మీద నడుస్తుంది. నారింజ రంగు కేబుల్ కనిపించిందంటే బానెట్ మూసేసి సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. అక్కడ మన ప్రయోగాలు వద్దు.

సిద్ధాంతం ఒక్క పేరా చాలు. మీరు ఏసీ బటన్ నొక్కితే కంప్రెసర్‌కి నేరుగా కరెంటు పోదు. ఆఫీసులో ఫైలు కదిలినట్టు నాలుగైదు చోట్ల సంతకాలు కావాలి. బ్లోయర్ తిరుగుతోందా, పైపుల్లో ప్రెషర్ సరిగా ఉందా, డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మరీ గడ్డకట్టే చలికి చేరిందా, ఇంజన్ వేడెక్కిపోయిందా అని ఈసీయూ (కారులోని కంప్యూటర్) చూసుకుంటుంది. అన్నీ సరిపోతేనే రిలే అనే కరెంటు స్విచ్‌ని ఆన్ చేస్తుంది, రిలే క్లచ్‌కి 12 వోల్టులు పంపుతుంది, క్లచ్ 'టక్' మని అతుక్కుంటుంది. ఏ సంతకం దగ్గర ఫైలు ఆగిందో కనుక్కోవడమే మన పని.

కావలసినవి

- డిజిటల్ మల్టీమీటర్. వెయ్యి రూపాయల లోపు దొరికేది చాలు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఎన్ని రకాలైనా చూసి కొనుక్కోవచ్చు. ప్రోబ్ మొనలు సన్నగా ఉన్నవి తీసుకోండి.
- 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ (ఒక చివర క్లిప్, ఇంకో చివర మొన ఉన్న చిన్న బల్బు).
- మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరు. ఫ్యూజ్ లేని ఉత్త వైరు ముక్కతో ఈ పనులు చేయకండి.
- విడి బ్లేడ్ ఫ్యూజులు: 7.5, 10, 15, 30 ఆంపియర్లవి. రంగులు గుర్తుపెట్టుకుంటే సులువు: గోధుమ రంగు 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, టార్చి, చిన్న థర్మామీటర్.
- మీ కారు ఓనర్స్ మాన్యువల్. ఏ ఫ్యూజ్ ఎక్కడుందో అందులోనే ఉంటుంది.
- ఓబీడీ స్కానర్ (ఈసీయూలోని సమాచారం, తప్పుల కోడ్లు చదివే పరికరం) ఉంటే మంచిదే. లేకపోయినా చాలావరకు పని నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు

ఇంజన్ ఆన్‌లో పెట్టి చేసే పరీక్షలు ఆరుబయటే చేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. చున్నీ, వదులు చేతులు, మెడలో గొలుసు, వేలాడే ఇయర్‌ఫోన్ వైరు ఏవీ బెల్టు దగ్గరికి రాకూడదు. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపినా హఠాత్తుగా తిరగొచ్చు, కాబట్టి అందులో వేలు పెట్టే ముందు దాని కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) తీసేయండి. డ్యాష్‌బోర్డు కింద పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిలో మీటర్ పెట్టకండి. ఏసీ పైపుల నట్లు విప్పకండి, లోపల ప్రెషర్‌తో గ్యాస్ ఉంటుంది. కారు వారంటీలో ఉంటే ఫ్యూజులు చూడటంతో ఆపేసి మిగతాది కంపెనీ వాళ్లకే వదిలేయండి.

1. ముందు లక్షణాన్ని తేల్చుకోండి

ఇంజన్ స్టార్ట్ చేయండి. బ్లోయర్ రెండో నంబర్‌లో, టెంపరేచర్ పూర్తి చల్లదనం వైపు పెట్టి ఏసీ బటన్ నొక్కండి. ఇంట్లో ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఆన్, ఆఫ్ చేయమని చెప్పి, మీరు బానెట్ ఎత్తి కంప్రెసర్ వైపు చూడండి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. కంప్రెసర్ ముందున్న పుల్లీ తిరుగుతుంటే కంప్రెసర్ నడుస్తోందనుకుంటారు. ఇంజన్ తిరిగినంతసేపూ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. చూడాల్సింది పుల్లీ మధ్యలో ఉన్న గుండ్రటి ప్లేటు. ఏసీ ఆన్ చేయగానే 'టక్' శబ్దంతో ఆ ప్లేటు కూడా తిరిగితేనే క్లచ్ పట్టినట్టు.

గమనించినదాన్ని బట్టి దారి ఎంచుకోండి:

- గాలే రావట్లేదు: నేరుగా 9వ అంచెకు వెళ్లండి.
- గాలి వస్తోంది, క్లచ్ పట్టట్లేదు: 2 నుంచి వరసగా రండి.
- క్లచ్ పడుతోంది, హైవేలో చల్లగా ఉంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి: 8వ అంచె.
- క్లచ్ పడుతోంది, ఫ్యాన్ బాగుంది, అయినా చల్లదనం లేదు: ఇది కరెంటు సమస్య కాకపోవచ్చు. గ్యాస్, కంప్రెసర్, లేదా లోపల వేడి, చల్లగాలుల్ని మార్చే ఫ్లాప్ చూడాలి.
- కాసేపు బాగుండి ఆగిపోతోంది: 5, 7, 10 అంచెలు ముఖ్యం.

కొన్ని కార్లలో క్లచ్ ఉండదు. కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి వాల్వ్‌ని ఈసీయూ నడిపిస్తుంది. వాటిలో 'టక్' శబ్దం వినిపించదు, దాన్ని చూసి చెడిపోయిందనుకోకండి. ఫ్యూజ్, ప్రెషర్ సెన్సర్, ఫ్యాన్ పరీక్షలు వాటికీ పనికొస్తాయి. 4, 5 అంచెల్లోని క్లచ్ పరీక్షలు మాత్రం వర్తించవు. ఇంకో మాట. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో కంప్రెసర్ పట్టకపోతే అది రిపేరు కాదు. బయట చలి మరీ ఎక్కువైతే చాలా కార్లు కావాలనే దాన్ని ఆపేస్తాయి.

2. బ్యాటరీ వోల్టేజ్

రెండు నిమిషాల పని. ఇంజన్ ఆపి ఉండగా బ్యాటరీ దగ్గర 12.4 నుంచి 12.6 వోల్టులు, ఇంజన్ ఆన్‌లో 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. ఈమధ్య వచ్చిన కొన్ని కార్లలో బ్యాటరీ నిండాక దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ తనంతట తనే కాస్త తగ్గించుకుంటుంది. కాబట్టి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూడండి. అప్పుడూ 13 కంటే తక్కువ ఉంటే ముందు ఛార్జింగ్ సంగతి చూసుకోండి. వోల్టేజ్ పడిపోతే కొన్ని ఈసీయూలు మొదట ఏసీనే ఆపేస్తాయి. క్లచ్ కూడా గట్టిగా పట్టదు.

3. ఫ్యూజులు

ఫ్యూజ్ బాక్సులు సాధారణంగా రెండు: ఒకటి బానెట్ కింద, ఒకటి డ్యాష్‌బోర్డు కింద. ఏసీకి సంబంధించిన ఫ్యూజులు రెండింట్లోనూ ఉండొచ్చు. కంప్రెసర్ క్లచ్‌కి ఒకటి, బ్లోయర్‌కి ఒకటి, ఫ్యాన్‌కి ఒకటి, ఏసీ కంట్రోల్‌కి ఇంకొకటి. అన్నీ చూడండి.

ఫ్యూజ్‌ని కంటితో చూసి బాగుందని తేల్చకండి. వెంట్రుకవాసి చీలిక కనపడదు. ఫ్యూజ్ పీకకుండానే, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, టెస్ట్ ల్యాంప్ క్లిప్‌ని బ్యాటరీ నెగటివ్‌కి తగిలించి, దాని నెత్తి మీదున్న రెండు చిన్న లోహపు చుక్కల మీద టెస్ట్ ల్యాంప్ మొన ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి. రెండు వైపులా వెలిగితే ఫ్యూజ్ బాగుంది. ఒకవైపే వెలిగితే పోయింది. రెండు వైపులా వెలగకపోతే ఫ్యూజ్ దాకానే కరెంటు రావట్లేదు, లేదా ఆ లైను ఇంజన్ ఆన్‌లో ఉంటేనే పనిచేసే రకం.

ఫ్యూజ్ పోయి ఉంటే అదే ఆంపియర్లది ఒక్కసారి మార్చి చూడండి. మళ్లీ పోయిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. 10 తీసి 20 పెట్టడమంటే ఫ్యూజ్‌కి బదులు వైరింగ్‌ని కాలబెట్టడం. ఇలా పెద్ద ఫ్యూజ్ పెట్టి ఇచ్చిన కార్లు ఆటోనగర్ షెడ్లకి కాలిన వాసనతో తిరిగొస్తుంటాయి.

షార్ట్ ఎక్కడుందో విడగొట్టి చూడాలంటే కంప్రెసర్ దగ్గర క్లచ్ కప్లర్ తీసేసి, కొత్త ఫ్యూజ్ వేసి ఏసీ ఆన్ చేయండి. ఫ్యూజ్ నిలబడితే తప్పు క్లచ్ కాయిల్‌లోనో (క్లచ్‌ని అయస్కాంతంగా మార్చే తీగచుట్ట), కొన్నిట్లో దాని పక్కన ఉండే డయోడ్‌లోనో ఉంది. అప్పుడూ పోతే వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది.

4. రిలే, దాని సాకెట్

మొత్తం పనిలో ఎక్కువ విషయం చెప్పేది ఈ సాకెట్టే. తొందరపడకండి.

ముందు తేలిక పరీక్ష. ఏసీ రిలే తీసి, దాని మీదున్న నంబరే ఉన్న ఇంకో రిలే దొరికితే మార్చి పెట్టండి. చాలా కార్లలో హారన్‌దో ఫ్యాన్‌దో అదే రకం ఉంటుంది. ఒకేలా కనిపిస్తే చాలదు, నంబరు, కాళ్ల అమరిక రెండూ కలవాలి. మార్చగానే ఏసీ వస్తే కొత్త రిలే కొనుక్కోండి, పని అయిపోయింది.

రాకపోతే సాకెట్‌లో మీటర్ పెట్టాలి. రిలే కింద చిన్న అంకెలు ఉంటాయి. 85, 86 రిలే సొంత కాయిల్ కాళ్లు. 30 కరెంటు వచ్చేది, 87 క్లచ్‌కి వెళ్లేది. జపాన్ తరహా రిలేల్లో 1, 2 కాయిల్‌వి, 3, 5 కరెంటు దారివి. రిలే తీసేసి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌తో సాకెట్‌లో ఇవి చూడండి:

అ) 30వ కాలి రంధ్రంలో 12 వోల్టులు ఉన్నాయా? లేకపోతే ఫ్యూజ్ నుంచి ఇక్కడికి వచ్చే దారి తెగింది.

ఆ) 85, 86లలో ఒకదానిలో 12 వోల్టులు ఉన్నాయా? ఎక్కువ కార్లలో ఒక కాలికి కరెంటు ఎప్పుడూ ఉంటుంది. రెండోదానికి ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ వైపు దారి) ఇవ్వడం ద్వారా ఈసీయూ రిలేని ఆన్ చేస్తుంది.

ఇ) ఇంజన్ స్టార్ట్ చేసి, మీటర్ ఎర్ర ప్రోబ్ 12 వోల్టులున్న కాయిల్ రంధ్రంలో, నల్ల ప్రోబ్ రెండో కాయిల్ రంధ్రంలో పెట్టి, ఏసీ ఆన్ చేయించండి. 12 వోల్టుల పైన చూపిస్తే ఈసీయూ ఒప్పుకున్నట్టే, సంతకాలన్నీ అయిపోయాయి. సున్నా దగ్గరే ఉంటే ఈసీయూ వద్దంటోంది. ఎందుకు వద్దంటోందో 6, 7 అంచెల్లో వెతకాలి.

ఈ) ఇప్పుడు ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరుతో 30, 87 రంధ్రాల్ని రెండు క్షణాలు కలపండి. కంప్రెసర్ దగ్గర 'టక్' వినిపించాలి.

టక్ వినిపిస్తే వైరు, కాయిల్, ఎర్త్ మూడూ బాగున్నాయి. తప్పు రిలేలో గానీ, దాన్ని ఆన్ చేసే వైపు గానీ ఉంది. వినిపించకపోతే ఈసీయూ వైపు తలనొప్పి పెట్టుకోనక్కర్లేదు, నేరుగా కంప్రెసర్ దగ్గరికి పోండి. ఈ ఒక్క పరీక్షతో సగం వైరింగ్ లెక్కలోంచి పోతుంది.

జాగ్రత్త: జంపర్‌ని 85, 86 కాళ్లకు తగలనివ్వకండి, ఈసీయూకి దెబ్బ. జంపర్ పెట్టి ఇంజన్ నడపొద్దు. అప్పుడు ప్రెషర్ స్విచ్ కాపలా ఉండదు. పైగా గ్యాస్ లేని పైపుల్లో ఆయిల్ తిరగక కంప్రెసర్ బిగుసుకుపోతుంది. 'రిలేకి వైరు కట్టేసి డైరెక్ట్ చేశాం' అని కొందరు గొప్పగా చెప్పే పని సరిగ్గా ఇదే.

కొన్ని కొత్త కార్లలో రిలే ఫ్యూజ్ బాక్స్ బోర్డుకే అతికించి ఉంటుంది, తీయడానికి రాదు. అప్పుడు ఈ అంచె వదిలేసి కిందిది చేయండి.

5. క్లచ్ దగ్గర

కంప్రెసర్ మీద ఒకటి లేదా రెండు వైర్ల కప్లర్ ఉంటుంది. ఒక్క వైరే ఉంటే ఎర్త్ కంప్రెసర్ బాడీ నుంచి వెళ్తోందన్నమాట.

కప్లర్ తీసి వోల్టేజ్ చూసి, "12 వోల్టులు వస్తోంది, వైరు బాగుంది" అనుకోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒకటే మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది. మీటర్ లాగే కరెంటు దాదాపు ఏమీ లేదు కాబట్టి. క్లచ్ లాగేది 3, 4 ఆంపియర్లు. అంత లోడ్ పడినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. అందుకే కప్లర్ పెట్టి ఉండగానే, వెనక వైపు నుంచి సన్నటి ప్రోబ్ దూర్చి, ఏసీ ఆన్‌లో ఉండగా కొలవండి. ఇంజన్ నడుస్తుంటే బెల్టు పక్కనే చెయ్యి పెట్టాల్సి వస్తుంది కాబట్టి, ఇంజన్ ఆపి 4-ఈలో చెప్పిన జంపర్ పెట్టి కొలవడం మేలు. ఆ కొద్దిసేపు బ్యాటరీ తట్టుకుంటుంది.

బ్యాటరీ దగ్గరి వోల్టేజ్‌కీ ఇక్కడి వోల్టేజ్‌కీ తేడా అర వోల్టు మించితే దారిలో చిలుము పట్టిన కప్లరో, కాలిన రిలే సాకెట్టో ఉంది. ఎర్త్ విడిగా చూడాలంటే ఒక ప్రోబ్ కంప్రెసర్ బాడీ మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. 0.2 వోల్టు కంటే తక్కువ రావాలి.

ఇప్పుడు జంపర్, ఇగ్నిషన్ రెండూ తీసేసి, కప్లర్ విప్పి, కాయిల్‌ని ఓముల్లో కొలవండి. ఎక్కువ క్లచ్‌లకి 3 నుంచి 5 ఓములు వస్తుంది. మీటర్ 'ఓఎల్' అని చూపిస్తే కాయిల్ తెగింది. ఒక ఓముకి బాగా తక్కువుంటే లోపల షార్ట్. ఇంత చిన్న విలువలు కొలిచేటప్పుడు ముందు రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకెను చివరి లెక్కలోంచి తీసేయాలి. చౌక మీటర్లలో ఆ వైర్లే అర ఓము చూపిస్తాయి.

12 వోల్టులు సరిగ్గా అందుతూ, కాయిల్ కూడా బాగుండి, అయినా క్లచ్ పట్టకపోతే గ్యాప్ చూడండి. ప్లేటుకీ పుల్లీకీ మధ్య ఖాళీ చాలా వాటిలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. అరిగేకొద్దీ అది పెరుగుతుంది. కాయిల్ వేడెక్కితే దాని ఓములు పెరిగి అయస్కాంత శక్తి తగ్గుతుంది. పొద్దున ఆఫీసుకి వెళ్లేటప్పుడు బాగా పనిచేసి, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంటకి ఆగిపోయే ఏసీల వెనక చాలాసార్లు ఉండేది ఈ గ్యాపే. పరీక్ష ఇలా: ఆగిపోయినప్పుడే బండి పక్కన పెట్టి ఇంజన్ ఆపండి. జంపర్ పెట్టి, ప్లేటుని కర్రతో పుల్లీ వైపు నెట్టండి. టక్కున అతుక్కుని అలాగే ఉండిపోతే గ్యాప్ ఎక్కువైనట్టు. కొన్ని క్లచ్‌లలో ప్లేటు వెనక పలుచటి వాషర్ ఒకటి తీసేస్తే గ్యాప్ సరిపోతుంది, కొత్త క్లచ్ అవసరమే రాదు. ఇంజన్ నడుస్తుండగా ఇలా నెట్టే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

6. ప్రెషర్ స్విచ్, సెన్సర్

పైపు మీద బిగించి ఉంటుంది. కప్లర్‌లో వైర్లు ఎన్నో లెక్కపెట్టండి.

రెండు వైర్లుంటే అది స్విచ్. కప్లర్ తీసి, స్విచ్ కాళ్ల మధ్య మీటర్‌తో కంటిన్యుటీ (దారి కలిసి ఉందా) చూడండి. పైపుల్లో తగినంత ప్రెషర్ ఉంటే బీప్ రావాలి. రాకపోతే గ్యాస్ తగ్గిందో, స్విచ్చే పోయిందో తేలాలి.

మూడు వైర్లుంటే అది సెన్సర్. ఒకదానిలో 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. సిగ్నల్ సాధారణంగా 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య ఉంటుంది. అది సరిగ్గా సున్నా దగ్గరో 5 దగ్గరో అంటుకుపోతే సెన్సర్‌నో వైరునో అనుమానించాలి. ఈ వైర్లని జంపర్‌తో కలపకండి, టెస్ట్ ల్యాంప్ పెట్టకండి. మీటర్ మాత్రమే.

స్కానర్ ఉంటే ఇక్కడ పనికొస్తుంది. రాత్రంతా నీడలో ఆగి ఉన్న కారులో, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఏసీ ప్రెషర్ చూడండి. ఆర్134ఏ గ్యాస్‌కి బయట 30 డిగ్రీలుంటే సుమారు 97 పీఎస్ఐ, 35 డిగ్రీలకి 114, 40కి 133 ఉండాలి. స్కానర్ బార్‌లలో చూపిస్తే 30 డిగ్రీలకి 6.7. కొన్ని స్కానర్లు గాలి ఒత్తిడి కూడా కలిపి ఒక బార్ ఎక్కువ చూపిస్తాయి. దీనికి బాగా తక్కువుంటే గ్యాస్ నిజంగానే పోయింది. ముందు లీక్ పట్టించి, తర్వాత నింపించండి. అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉందని కాదు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నా ఆగి ఉన్నప్పుడు ప్రెషర్ అంతే చూపిస్తుంది. క్లచ్ పట్టడానికి సరిపడా ఉందని మాత్రమే దాని అర్థం.

7. ఈసీయూ వద్దనే మిగతా కారణాలు

గాలిని చల్లబరిచే లోపలి కాయిల్ దగ్గర చలిని కొలిచే సన్నటి థర్మిస్టర్ ఉంటుంది, చాలా కార్లలో గ్లోవ్‌బాక్స్ వెనక నుంచి అందుతుంది. చలి పెరిగేకొద్దీ దాని ఓములు పెరగాలి. విలువ ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి అంకె కంటే నడక చూడండి. బయటకు తీసి, మీటర్ తగిలించి, ఐసు నీళ్ల గ్లాసులో మొన ముంచండి. ఓములు ఆగకుండా, దూకకుండా నెమ్మదిగా పెరిగితే బాగున్నట్టు. ఇది తప్పుడు చలి చూపిస్తే కంప్రెసర్ వెంటవెంటనే కట్ అవుతుంది. తప్పుడు వేడి చూపిస్తే కంప్రెసర్ ఆగక కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. గంట ప్రయాణం తర్వాత గాలి సన్నగిల్లి, కాసేపు ఆపితే మళ్లీ బాగా రావడం దాని గుర్తు.

చెక్ ఇంజన్ లైటు వెలిగి, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూ, ఏసీ రాకపోతే ఇంజన్ వేడిని ఈసీయూకి చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ని, దాని కప్లర్‌ని చూడండి. ఆ సమాచారం లేకపోతే చాలా ఈసీయూలు ఇంజన్‌ని కాపాడటానికి ఏసీని ఆపేస్తాయి. ఏసీ మెకానిక్ ఎంత వెతికినా దొరకని తప్పు ఒక్కోసారి ఇక్కడుంటుంది.

ఏసీ బటన్ మీద లైటే వెలగకపోతే బటన్, బ్లోయర్ స్విచ్, కంట్రోల్ ప్యానెల్ ఫ్యూజ్ చూసుకోండి.

8. కండెన్సర్ ఫ్యాన్

రేడియేటర్ ముందు ఉండి ఏసీ వేడిని బయటికి వదిలేది కండెన్సర్. ఏసీ ఆన్ చేసిన కాసేపటికి దాని ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజ్, రిలే పైన చెప్పినట్టే పరీక్షించి, తర్వాత మోటార్ కప్లర్‌లో వోల్టేజ్ చూడండి. వోల్టేజ్ వచ్చి, ఎర్త్ బాగుండి కూడా తిరగకపోతే మోటార్ పోయింది. కర్రతో తడితే తిరగడం మొదలుపెడితే లోపల బ్రష్‌లు అరిగాయి, రేపో మాపో ఆగిపోతుంది. ఫ్యాన్ పది ఆంపియర్ల పైన లాగొచ్చు. మన 10 ఆంపియర్ల జంపర్‌తో దాన్ని నడపబోతే ఫ్యూజ్ పోతుంది.

రెండు స్పీడుల ఫ్యాన్లలో ఇంకో చిక్కు. తక్కువ స్పీడుకి కరెంటుని తగ్గించే రెసిస్టర్ ఒకటి ఉంటుంది. అది పోతే ఎక్కువ స్పీడు మాత్రమే పనిచేస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాకగానీ ఫ్యాన్ తిరగదు.

మోటార్ మార్చిన తర్వాత ఏసీ ఇంకా అధ్వానంగా మారితే వైర్లు తారుమారై ఫ్యాన్ ఎదురు దిక్కులో తిరుగుతోందేమో చూడండి. ఎక్కువ కార్లలో ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలిని లోపలికి లాగుతుంది. గ్రిల్ ముందు న్యూస్‌పేపర్ ముక్క పెడితే అతుక్కోవాలి. ఎగిరిపోతే దిక్కు తప్పు.

9. బ్లోయర్

నాలుగో నంబర్‌లో మాత్రమే గాలి వస్తూ 1, 2, 3 పనిచేయకపోతే దాదాపు ఖాయంగా బ్లోయర్ రెసిస్టర్. గ్లోవ్‌బాక్స్ వెనక రెండు స్క్రూలతో ఉంటుంది, ఎవరైనా మార్చుకోవచ్చు. ఆటోమేటిక్ క్లైమేట్ కార్లలో దీనికి బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది.

మార్చే ముందు దాని కప్లర్ చూడండి. ప్లాస్టిక్ కరిగి, గోధుమరంగులోకి మారి ఉంటే రెసిస్టర్ ఒక్కటే మార్చి లాభం లేదు, కప్లర్ కూడా మార్చాలి. మోటార్ బేరింగ్ బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతోందేమో కూడా చూడండి. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. రెసిస్టర్ చల్లబడేది బ్లోయర్ గాలితోనే, కాబట్టి మట్టి కొట్టుకుపోయిన క్యాబిన్ ఫిల్టర్ దాన్ని మళ్లీ మళ్లీ కాలుస్తుంది.

ఏ నంబర్‌లోనూ గాలి రాకపోతే ఫ్యూజ్, మోటార్ దగ్గర వోల్టేజ్, ఎర్త్ వరసగా చూడండి.

10. వచ్చిపోయే తప్పులు

అన్నిటికంటే విసుగు పుట్టించేవి ఇవి. ఏసీ ఆన్‌లో ఉంచి, తిరిగే భాగాలకి దూరంగా, వైరింగ్‌ని ఒక్కో చోట మెల్లగా కదపండి. ఎక్కడ కదిపినప్పుడు క్లచ్ పడి లేస్తుందో అక్కడే తప్పు. కప్లర్లు ఒక్కొక్కటే విప్పి లోపల చూడండి. పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగించండి.

మన దగ్గర ఎలుకల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పది రోజులు కదలకుండా సెల్లార్‌లో ఉన్న కారైతే బ్యాటరీ ట్రే కింద, ఇంజన్ వెనక గోడ దగ్గర, ఫ్యూజ్ బాక్స్ కింద టార్చి వేసి చూడండి. గింజల పొట్టు, ఎలుక పెంటికలు ఉంటే కొరికిన వైరు దగ్గర్లోనే ఉంటుంది. తెగిన వైరుని మెలిపెట్టి టేప్ చుట్టకండి, వానాకాలానికి అది చిలుము పడుతుంది. సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ వేయండి.

వేపచెట్టు కింద పార్క్ చేసే కార్లలో అద్దం కింది జాలీలో ఆకులు పేరుకుని, వాన నీరు పోయే దారి లేక బ్లోయర్ మీదికి కారుతుంది. జాలీ శుభ్రం చేయకుండా మోటార్ మారిస్తే కొత్తదీ తడుస్తుంది.

బయట బిగించిన ఫాగ్ ల్యాంపులు, డ్యాష్‌క్యామ్, పెద్ద హారన్ లాంటివి ఏసీ లైను నుంచే కరెంటు లాగుతున్నాయేమో కూడా చూడండి. అలాంటివన్నీ విప్పేసి మళ్లీ పరీక్షించండి.

మీటర్‌తో చేసే తప్పులు

కరెంటు ఉన్న లైన్‌లో ఓములు కొలవకండి, అంకె తప్పు వస్తుంది, మీటరూ పోవచ్చు. ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి వోల్టేజ్ కొలిస్తే నేరుగా షార్ట్ అవుతుంది. వైరు తొడుగుని సూదితో పొడవకండి, ఆ రంధ్రంలోంచి తేమ లోపలికి పోతుంది. స్కానర్‌తో కోడ్లు చూడకముందే బ్యాటరీ తీసేయకండి, చాలా కార్లలో కోడ్లు చెరిగిపోతాయి.

బాగైందని తేల్చుకోవడం ఎలా

చల్లగాలి వచ్చింది కదా అని వెంటనే బానెట్ మూసేయకండి. తలుపులు, అద్దాలు మూసి, గాలి లోపలే తిరిగే బటన్ నొక్కి, బ్లోయర్ మూడులో, ఇంజన్ 1500 నుంచి 2000 ఆర్పీఎం దగ్గర ఉంచి పది నిమిషాలు ఆగండి. మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టండి. బయట 35 డిగ్రీలున్న రోజు చాలా కార్లు 6 నుంచి 12 డిగ్రీల మధ్య ఇస్తాయి. రామగుండంలోనో విజయవాడలోనో 44 డిగ్రీల మధ్యాహ్నం పరీక్షిస్తే అంకె ఇంకా పైనే ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి.

తర్వాత హెడ్‌లైట్లు, బ్లోయర్, ఏసీ అన్నీ వేసి బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 13కి పైనే నిలబడాలి. మీరు మార్చిన ఫ్యూజ్‌ని, బ్లోయర్ కప్లర్‌ని తాకి చూడండి, గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి కాలితే కాంటాక్ట్ ఇంకా లూజ్‌గా ఉంది. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, ఇంజన్ ఆపి పావుగంట ఎండలో వదిలి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. వేడిలో ఆగిపోయే తప్పు ఈ పరీక్షలోనే బయటపడుతుంది. కారు కింద నీళ్లు కారడం మామూలే, అసలు కారకపోతేనే ఆలోచించాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే

కొలిచిన అంకెలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. "ఏసీ రావట్లేదన్నా" అంటే అక్కడ మళ్లీ గ్యాస్ దగ్గర నుంచే మొదలవుతుంది. "క్లచ్ కప్లర్‌లో 12.3 వోల్టులు వస్తోంది, ఎర్త్ బాగుంది, కాయిల్ ఓఎల్ చూపిస్తోంది" అంటే మాట వేరేలా నడుస్తుంది. కాయిలో, క్లచ్చో పోయిందని తేలితే కంప్రెసర్ మొత్తం మార్చాలనే మాటకి వెంటనే ఒప్పుకోకండి. చాలా కార్లలో క్లచ్, కాయిల్ విడిగా దొరుకుతాయి, గ్యాస్ పైపులు విప్పకుండానే మార్చొచ్చు. అది కుదురుతుందా అని ముందే అడగండి. పాత కాయిల్ తిరిగి ఇమ్మని చెప్పి, అక్కడే మీటర్ పెట్టి చూసుకోండి.